నాలుగింటికి వినబడాలి

"మీ గొంతు మాకు నచ్చింది" అన్న నాలుగు మాటలు ఫోనులో వెలిగేసరికి టీచరమ్మ స్టూలు మీద నిలబడి కిటికీ పైఅద్దం తుడుస్తోంది. ఒక చేతిలో తడిగుడ్డ, ఇంకో చేతిలో ఫోను, నోట్లో ఏదో కూనిరాగం. చదివింది, నమ్మబుద్ధి కాలేదు, కళ్ళు నులుముకుందామని చెయ్యెత్తి తడిగుడ్డతో మొహమంతా తడుపుకుంది, మళ్ళీ చదివింది, ఆ నాలుగు మాటలూ కదలకుండా అక్కడే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఎవరికి చెప్పాలి, ముందు కిటికీకి చెప్పింది, తరువాత స్టూలుకి చెప్పి దాని మీంచి దిగింది. పెళ్ళయి ఇరవై ఆరు రోజులయిన మనిషికి సంతోషం వస్తే సగం పంచుకోవడానికి ఇంకో మనిషి చేతికందేంత దూరంలో ఉండాలి కదా, ఆ మనిషేమో ఊరి అవతలి చివర పన్నెండంతస్తుల మేడలో, లిఫ్టు పైకీ కిందకీ తిరిగే ఆ చీకటి గోతిలో, ఇనుపతాళ్ళకి గ్రీజు రాస్తూ ఉంటాడు. లిఫ్టు మెకానిక్కు. ఆమెని టీచరమ్మా అని మొదట పిలిచింది అతనే, వెక్కిరింపుగా, ఇప్పుడు ఆ పిలుపు వినకపోతే ఆమెకి తన పేరే మరిచిపోయినట్టుంటుంది. మూడూ అయిదయింది. ఆ నాలుగు మాటల కింద ఇంకా చాలా మాటలున్నాయని ఆమె చూసేసరికి మూడూ ఎనిమిది.

చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివించి దాచే గ్రంథాలయం అది. చదివేవాళ్ళు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవరింట్లో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని చదివి పంపిస్తే నెలనెలా జీతం. ఈ రోజే నాలుగు గంటలకు చిన్న పరీక్ష ఉంటుంది, ఫోనులో కుదరదు, చెయ్యాల్సిన పని కంప్యూటరు మీదే కాబట్టి పరీక్షా దాని మీదే, అభ్యర్థులు ఎక్కువమంది ఉన్నందున వేరే సమయం ఇవ్వలేము, ముందుగా మీ మైకూ సౌండు డ్రైవర్లూ సరికొత్తవో కాదో చూసుకోండి అని రాశారు. ఈ రోజే. నాలుగింటికే. ఈ రోజు గురువారం, ఆదివారంతో సెలవు అయిపోతుంది, సోమవారం పొద్దున, ఆరు గంటల ప్రయాణం అవతల ఉన్న ఆ బడిలో గంట కొట్టేసరికి ఆమె అయిదో తరగతి గుమ్మంలో ఉండాలి. తరువాత ఇద్దరూ కలిసేది పదిహేను రోజులకొకసారి, అదీ ఏ మేడలోనూ లిఫ్టు ఆగిపోకపోతే. ఈ ఉద్యోగం వస్తే వెళ్ళక్కర్లేదు. రాకపోతే వెళ్ళాలి. అందుకే అతనికి చెప్పకుండా, అతను పనికి వెళ్ళాక తలుపేసుకుని, ఫోనులో ఒక పాఠం చదివి పంపింది. చెప్పి ఉంటే అతనూ రోజూ ఫోను వైపు చూసేవాడు, రాకపోతే ఇద్దరి మొహాలూ ఒకేసారి చిన్నబోయేవి, ఒక మొహం చిన్నబోతే రెండోది ఓదార్చడానికైనా మిగలాలి కదా.

ముందుగదిలో బల్ల మీద ఉన్న కంప్యూటరు అతని బ్రహ్మచారి రోజులనాటిది, ఒక్కో ముక్కా కొని తనే బిగించుకున్నాడు, పెట్టెకి ఒక పక్క రేకు ఇప్పటికీ లేదు, లోపల పంకా తిరగడం కనబడుతూ ఉంటుంది. దానికి అతని తరఫున ఒక పొడుగుమెడ మైకు, ఆమె తరఫున చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్టు, అతని చెల్లెలు పెళ్ళికిచ్చిన కెమెరా, దాంట్లోనే ఒక చిన్న మైకు. పెళ్ళయిన రెండో ఆదివారం బయట వాన పడుతూ ఉంటే, ఎక్కడికీ కదలలేక, ఇద్దరూ ఒకే కుర్చీలో సర్దుకుని కూర్చుని ఒక పిచ్చి ఆట ఆడారు. సౌండు పరికరాలకి మనకి నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చని అతను చూపించాడు. ఆ సంగతి ఎందుకు చూపించాడో, ఇక చూడు, పొడుగుమెడ మైకుకి రెండుసార్లు చెబితేగాని వినబడదని తాతగారు అని పెట్టారు, హెడ్‌సెట్టుకి గుసగుస, కెమెరాకి ఎప్పుడూ ఇటే తొంగిచూస్తుందని పక్కింటి పిన్నిగారు, కాగితం బయట పెట్టడానికి అరగంట సణిగే ప్రింటరుకి పెదనాన్నగారు. నవ్వి నవ్వి ఆమెకి ఎక్కిళ్ళొచ్చాయి. ఎక్కిళ్ళు ఆగడానికి అతను చేసిన వైద్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి, కానీ ఇప్పుడు కాదు, ఇప్పుడు మూడూ పన్నెండు, ఇప్పుడు డ్రైవర్లు చూడాలి, ఇంతకీ డ్రైవరంటే ఎవరు?

బస్సుకుంటాడు డ్రైవరు, ఆటోకుంటాడు, మైకుకెందుకు? అతను ఒకసారి చెప్పాడు, ఆమె సగమే విన్నది, మిగతా సగం అతని కనుబొమల మధ్య ఉన్న చిన్న గాటు చూస్తూ కూర్చుంది. పరికరం ఒక భాష మాట్లాడుతుంది, కంప్యూటరు ఇంకో భాష మాట్లాడుతుంది, మధ్యలో ఇటుమాట అటు అటుమాట ఇటు చేరవేసే మనిషి ఉండాలి, ఆ మనిషే డ్రైవరు అన్నాడు. అంటే మన వాగుడుకాయలాగానా అని ఆమె అడిగింది. వాగుడుకాయ అంటే అతని చెల్లెలు. పెళ్ళి కుదిరిన కొత్తలో ఇద్దరూ ఫోనులో నోరు విప్పలేక ఊఁ అంటే ఊఁ అనుకునే రోజుల్లో, వదిన ఊఁ అంటే నీ మీద కోపమని కాదురా అన్నయ్యా, సిగ్గని అర్థం అని అటు చెప్పి, వాడు రెండుసార్లు దగ్గితే మీరు నచ్చారని అర్థం వదినా అని ఇటు చెప్పి సంబంధం నిలబెట్టింది. సరిగ్గా అలాగే అన్నాడతను. అలాంటప్పుడు సరికొత్త డ్రైవరు అంటే ఏమిటి, పాత వాగుడుకాయని పంపించేసి కొత్తామెని పెట్టుకోవడమా? పాతామెకి ఇద్దరి గుట్టూ తెలుసు కదా, కొత్తామె మొదటినుంచీ నేర్చుకోవద్దా? ఏమో, వాళ్ళు చూసుకోమన్నారు, చూడాల్సిందే.

కంప్యూటరుకున్న పరికరాలన్నీ వరసగా చూపించే డివైస్ మేనేజర్ తెరిచింది. అచ్చం హాజరుపట్టీ. కీబోర్డులు, హాజరు. మౌసు, హాజరు. డిస్కులు, హాజరు. బ్యాటరీ లేదు కాబట్టి ఆ వరస లేదు. సౌండు వరస తెరిస్తే మూడు నాలుగు పేర్లు బారుగా నిలబడ్డాయి, ఎవరి మీదా పసుపుపచ్చ గుర్తు లేదు, అందరూ బుద్ధిమంతులే. మొదటిదాని మీద మౌసు కుడివైపు నొక్కి అప్‌డేట్ అంది. మీ పరికరానికి ఉత్తమమైన డ్రైవరు ఇప్పటికే ఉంది అని జవాబొచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకునే మనిషైతే ఊరుకునేది. కానీ ఉత్తమమైనది అని ఎవరన్నారు, కంప్యూటరే అంది, దాని గురించి అదే చెప్పుకుంటే ఎలా, అయిదో తరగతిలో హోంవర్కు చేశావా అంటే చేశానండీ అనని పిల్లాడున్నాడా, పుస్తకం తీసి చూడాలి. తారీఖు చూసింది. నాలుగేళ్ళ కిందటిది. నాలుగేళ్ళ కిందటి డ్రైవరుతో చూపులేని పిల్లలకి పాఠం చెబుతానంటే ఎవరు ఒప్పుకుంటారు! కంప్యూటరు బోర్డు తయారుచేసినవాళ్ళ సైటుకి వెళ్ళి, బోర్డు నంబరు కోసం మోకాళ్ళ మీద కూర్చుని రేకులేని పక్కనుంచి లోపలికి తొంగిచూసి, కాగితం మీద రాసుకుని, కొత్త డ్రైవరు దించి, రెండుసార్లు నొక్కింది. నీలంగీత నత్తలా పాకడం మొదలుపెట్టింది. తెర నల్లబడింది, తెల్లబడింది, రీస్టార్టు అడిగింది, ఇచ్చింది. అది ఆరిపోయి మళ్ళీ లేచేలోపు నల్లటి తెరలో తన మొహం కనబడింది, చెంప మీద కిటికీ దుమ్ము చార, పరీక్షకి ఇలాగే కూర్చుంటానేమో, లేచి కడుక్కుని వచ్చింది, జడ సర్దుకుంది, అతనికి ఇష్టమైన చొక్కాలాంటి కుర్తా వేసుకుంది, అతను చూడడు కదా, అయినా వేసుకుంది.

తిరిగొచ్చేసరికి కంప్యూటరు లేచింది, మూడూ ఇరవై తొమ్మిది, కానీ తాతగారు లేరు. గుసగుస లేదు. పిన్నిగారు లేరు. పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వాటి చోట మైక్రోఫోను, మైక్రోఫోను 2, మైక్రోఫోను 3, స్పీకర్లు, స్పీకర్లు 2, ఇంకా హై డెఫినిషన్ ఆడియో అని ఒకటి కాదు రెండు, కవలపిల్లల్లా. ఎవరు ఎవరు? అసలు పేర్లు అప్పుడు చూసిందా, చూడలేదు, పెట్టిన పేర్లకే నవ్వుకుంది, చెరిపేసిన పేర్లేమిటో ఎవరు గుర్తుపెట్టుకుంటారు, పైగా ఆ రోజు ఎక్కిళ్ళొకటి. కవలల్లో ఒకరు పాత డ్రైవరు తాలూకు శేషం అయి ఉండాలి అనిపించింది, బడిలో ఒకే పిల్లాడి పేరు రెండుసార్లు పడితే ఒకటి కొట్టేస్తారు కదా, అలా ఒకదాన్ని కొట్టేసింది. అన్‌ఇన్‌స్టాల్. ఖచ్చితమేనా అని అది అడిగింది. ఖచ్చితమే అని ఈమె చెప్పింది. అంతే, తెర మూలలో సౌండు బొమ్మ మీద ఎర్రటి గుర్తు పడింది, స్పీకర్లలో సన్నగా ఎప్పుడూ ఉండే రొద టక్కున ఆగిపోయింది. ఇల్లంతా ఎవరో వెళ్ళిపోయినట్టయింది. ఆ రొద ఉందన్న సంగతే ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు.

అతనికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగింది. గోతిలో ఉన్నప్పుడు ఫోను జేబులో పెట్టుకోడు, మోగితే చెయ్యి జారుతుందని నోరు నొక్కేసి సంచిలో పడేస్తాడు, ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసీ మళ్ళీ చేసింది, ఏడుసార్లు చేసింది, చెయ్యకుండా ఉండే చెయ్యి ఎవరిది? ఏం చెప్పేది ఎత్తితే? నీ కంప్యూటరు గొంతు పోగొట్టాను, ఎందుకంటే నీకు చెప్పకుండా ఒక పని చేశాను, ఆ పని ఏమిటంటే నీతో ఉండిపోవడం. ఎత్తకపోవడమే నయమేమో. ఆమె కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగింది. సోమవారం, బస్సు, హాస్టలు గది, ఇనుప మంచం, అన్నీ వరసగా కళ్ళముందు నిలబడి హాజరు పలికాయి. అప్పుడు వాగుడుకాయ గుర్తొచ్చింది.

"హలో వదినా, మా అన్నయ్య ఏడిపించాడా? ఎక్కడ కొట్టమంటావు, చెప్పు!"

"అబ్బ, ఆపవే తల్లీ. కంప్యూటర్లో సౌండు డ్రైవరు కొట్టేశాను. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది."

"కొట్టేశావా? ఏది కొట్టేశావు?"

"అదే తెలిస్తే నీకెందుకు చేస్తానే!"

"సరే సరే, ఏడవకు. పాత డ్రైవరుకి వెనక్కి వెళ్ళడానికి రోల్ బ్యాక్ అని ఉంటుంది చూడు."

"ఉంది, కానీ బూడిదరంగులో ఉంది, నొక్కితే పలకదు."

"అయితే పైన యాక్షన్ అని ఉంటుంది, దాంట్లో హార్డ్‌వేర్ మార్పులు వెతకమని ఉంటుంది, నొక్కు. పోయినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తిరిగొస్తారు. ఇంతకీ ఇరవై నిమిషాల్లో ఏముంది వదినా? చెప్పవా? నాకు చెబితే ఎవరికీ చెప్పను కదా!"

"నువ్వా?" అని టీచరమ్మ ఫోను పెట్టేసింది.

నొక్కింది. గడియారం ముల్లులాంటిది ఒకటి గిరగిర తిరిగింది. పోయిన కవల తిరిగొచ్చింది, ఎర్రగుర్తు పోయింది, ఆమె రెండు చేతులూ జోడించి తెరకి దణ్ణం పెట్టి మళ్ళీ సిగ్గుపడి చేతులు దించింది. మూడూ నలభై ఎనిమిది. ఇప్పుడు మైకు వింటోందా లేదా చూడాలి. చూడటం ఎలా? ఆమెకి తెలిసిన పద్ధతి ఒకటే, పదేళ్ళ బట్టి పిల్లల దగ్గర చేస్తున్నది, పాఠం చెప్పి, ఏదీ తిరిగి చెప్పు అనడం. మైక్రోఫోను ఎంచుకుని, ఒకటి రెండు మూడు అని రికార్డు చేసి, తిరిగి వినిపించమంది. నిశ్శబ్దం. మైక్రోఫోను 2 ఎంచుకుంది. నిశ్శబ్దం. మైక్రోఫోను 3. ఊహుఁ. హెడ్‌సెట్టు తీసి పెట్టింది, పెట్టి తీసింది, తీగ పీకి ఇంకో రంధ్రంలో గుచ్చింది, టింగుమనాల్సింది, అనలేదు. మూడు మైకులకీ ఒకేసారి చెవుడు ఎలా వస్తుంది? మూడింటికీ కొత్తామె భాష రాలేదా? కొత్తామెకి ఈ ఇంటి భాష రాలేదా? తను ఇక్కడికొచ్చిన కొత్తలో, ఈ ఇంట్లో ఏ స్విచ్చు ఏ దీపానిదో తెలియక, వంటింట్లోకి వెళ్ళి పడగ్గది దీపం ఆర్పేసి, అతను చీకట్లో ఒక కాలు ప్యాంటులో పెట్టి గెంతుతూ ఏమిటిది అని అరిస్తే, పరిగెత్తుకెళ్ళి మళ్ళీ వేసేలోపు పంకా ఆపి, అలా వారం రోజులు. ఎవరూ తిట్టలేదు. నేర్చుకుంటావులే అన్నాడు. కొత్తామెకీ వారం పడుతుందేమో, కానీ ఉన్నవి పన్నెండు నిమిషాలు, కాదు తొమ్మిది, కాదు అయిదు, మైక్రోఫోను 1 అని ఎందుకు లేదు, మైక్రోఫోను అంటేనే 1 అని అర్థమా, అయితే 3 అంటే ఎవరు, ఆమె ఏది నొక్కిందో ఏది నొక్కలేదో ఆమెకే తెలియని స్థితిలో నాలుగయింది.

తెర మీద ఒక నడివయసు మేడమ్ కనబడింది, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, పక్కన ఒక ముసలాయన నల్లద్దాలు పెట్టుకుని తల ఒక వైపుకి వంచి కూర్చున్నాడు. మేడమ్ పెదవులు కదిలాయి. ఏమీ వినబడలేదు. నమస్కారమండీ అంది టీచరమ్మ. మేడమ్ తలూపింది, అందరూ ఊపినట్టే ఊపింది, అది జవాబో మర్యాదో తెలియలేదు. వినబడుతోందా అండీ, వినబడుతోందా, అని చేత్తో చెవి చూపించింది. మేడమ్ మళ్ళీ తలూపి ఏదో చెప్పింది, ముసలాయన నవ్వాడు. నన్ను చూసి నవ్వుతున్నారు, మూగబొమ్మలా ఆడుతున్నానని నవ్వుతున్నారు. టీచరమ్మ చూపు మేడమ్ మీంచి సెట్టింగుల మీదికి పడింది, చెయ్యి మౌసు మీద పడింది, నోరు దానంతటదే నడవడం మొదలుపెట్టింది.

"తాతగారూ, మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికీ మొదటిసారే వినిపించుకోండి. పోనీ గుసగుసా, నువ్వైనా పలకవే, నిన్ను నా పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చానే, ఆ విశ్వాసమైనా లేదా? సోమవారం నన్ను ఆ బస్సెక్కించకండర్రా. ఆయన కాఫీలో ఎన్ని చెంచాల చక్కెరో కూడా నాకింకా తెలియదు, రోజుకో లెక్క చెబుతాడు. నిద్రలో అంతస్తులు లెక్కపెడతాడు, ఏడు దగ్గర ఆగిపోతాడు, ఎందుకు ఆగుతాడో అడగాలి, అడగడానికైనా నేనిక్కడ ఉండొద్దూ? నాలుగేళ్ళ పాత డ్రైవరుతో హాయిగా ఉన్నదాన్ని, ఎవడు మార్చమన్నాడు నిన్ను, నువ్వే మార్చావు మొద్దుదానా, ఉత్తమమైనదని అది చెబుతూనే ఉంటే..."

తెర కింద ఒక చిన్న గడి వెలిగింది. మేడమ్ రాసింది. "అమ్మాయ్, నువ్వు మాకు మొదటినుంచీ వినబడుతూనే ఉన్నావు. మేమే నీకు వినబడుతున్నట్టు లేదు."

టీచరమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారికి ముఖంలోకి ఎక్కిన వేడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవుడు మైకుకి కాదు. వినబడనిది తనకి. తెరిచి ఉంచిన సెట్టింగులు చూస్తే తెలిసింది, కొత్త డ్రైవరు వచ్చీ రాగానే, స్పీకర్లని వదిలేసి, మాటలన్నీ తెర ఉన్న మానిటరుకి పంపిస్తోంది, ఆ మానిటరుకి నోరు లేదు. స్పీకర్లు 2 అంటే అదన్నమాట. మైకులు మూడూ ఒకటి రెండు మూడు అని బుద్ధిగా విన్నాయి, తిరిగి చెప్పడానికే దారి లేకపోయింది. తిరిగి చెప్పలేదు కాబట్టి వినలేదనుకుంది. తన తరగతిలో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల గుర్తొచ్చింది, ఏమడిగినా బల్లకేసి చూసేది, ఏడాదంతా ఈ పిల్లకి ఏమీ ఎక్కడం లేదని ఆమె బెంగపడింది, ఏడాది చివర రాతపరీక్షలో ఆ పిల్ల ఆమె చెప్పిన పాఠాలన్నీ ఆమె మాటల్లోనే, మధ్యలో ఆమె వేసిన జోకులతో సహా రాసిపెట్టింది. ఆ రోజు కూడా ఇలాగే మొహం వేడెక్కింది. అయితే ఇప్పుడు, అంటే, చక్కెర సంగతి విన్నారు. అంతస్తుల సంగతి విన్నారు. మొద్దుదానా విన్నారు. బల్ల కిందికి దూరితే కనబడనా, అయినా కెమెరా పిన్నిగారు ఊరుకుంటుందా, వింటున్నదీ ఆవిడే అయి ఉంటుంది.

మేడమ్ మళ్ళీ రాసింది, ఆరో తరగతి భూగోళంలో నదుల పాఠం పంపుతున్నాం, మేము వినబడకపోయినా పరవాలేదు, చదువు. చదివింది. తనకి ఎవరూ వినబడకుండా, విన్నారో లేదో తెలియకుండా, కొండ మీద సన్నగా పుట్టిన నీరు ఎలా పల్లానికి దిగుతుందో చదివింది. మొదటి రెండు వాక్యాలు గబగబా చదివేసింది, మూడోదానికి కుదురుకుంది, నది మలుపు తిరిగే చోట ఆమె చెయ్యి కూడా గాల్లో మలుపు తిరిగింది, అయిదో తరగతిలో అలాగే తిప్పుతుంది, చూపులేని పిల్లలకి చెయ్యి కనబడదు కదా అనుకుంది, అనుకుని ఆ మలుపుని గొంతులో తిప్పింది. ముసలాయన తల వంపు కొంచెం మారింది. పాఠం అయిపోయింది. వాళ్ళిద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నారు, చాలాసేపు మాట్లాడుకున్నారు, ఆమె ఆ పెదవుల వంక చూస్తూ ఒక్క ముక్కా పట్టుకోలేకపోయింది. తల ఊపడం మంచికా చెడుకా, ముసలాయన వేలు బల్ల మీద కొట్టడం మెచ్చుకోలా విసుగా. స్పీకర్లు మార్చాలని కూడా తోచలేదు, మళ్ళీ ఏదైనా నొక్కితే ఉన్నదీ పోతుందేమోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చివరికి మేడమ్ కీబోర్డు మీదికి వంగింది.

"సార్ ముప్ఫై ఏళ్ళుగా మా పుస్తకాలు విని ఎంచే మనిషి. నువ్వు చదివినదాని కంటే మీ తాతగారిని బతిమాలినది బాగుందంటున్నారు. అలా మాట్లాడినట్టే చదవాలి. ఒక్కటే లోపం, మీ గది ఖాళీ డబ్బాలా మార్మోగుతోంది. గోడలకి ఏవైనా బట్టలు వేలాడదియ్యి. రేపు పదింటికి మొదటి పాఠంగా ఈ నదుల పాఠమే రికార్డు చేసి పంపు. ఒప్పందం కాగితాలు సాయంత్రం పంపుతాం. సార్ ఇంకో మాట అడగమంటున్నారు, ఏడు దగ్గరే ఎందుకు ఆగుతాడు?"

తెర నల్లబడింది. టీచరమ్మ గది చుట్టూ చూసింది, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక స్టూలు, నాలుగు వట్టి గోడలు. ఓహో అంది. ఓహో అని గోడలూ అన్నాయి. ఇన్నాళ్ళూ తమ నవ్వు ఇంత పెద్దగా వినబడేది ఇందుకా అనుకుంది, సంతోషమూ అయోమయమూ కలిసి ఏది ముందు పట్టుకోవాలో తెలియక నిలబడిపోయింది, ఇంతలో ఫోను మోగింది.

"ఏమైంది? ఏడుసార్లు చేశావు! ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వెక్కడున్నావు?"

"గోతిలోంచి ఇప్పుడే పైకొచ్చాను. చెప్పవోయ్ టీచరమ్మా, నిలబడే వింటున్నాను."

"అయితే కూర్చో. కూర్చున్నావా?"

"గ్రీజు డబ్బా మీద కూర్చున్నాను. ప్యాంటు పోయింది. చెప్పు."

ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. డ్రైవరు నుంచా, కవలల నుంచా, తలుపేసుకుని చదివిన రోజు నుంచా? మధ్యలోంచి మొదలుపెట్టింది, వెనక్కి వెళ్ళింది, ముందుకొచ్చింది, నది పాఠంలోకి చక్కెర చెంచాలు కలిపింది.

"ఆగాగు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సోమవారం నువ్వు వెళ్తున్నావా, లేదా? అదొక్కటి చెప్పు."

"వెళ్ళడం లేదు."

రెండుసార్లు దగ్గాడు.

"ఇప్పుడు దగ్గితే దగ్గావు కానీ, రేపటికి దాచుకోకు," అంది టీచరమ్మ. "నీకు రేపు సగం రోజు సెలవు, ఇప్పుడే అడిగేసిరా. పొద్దున ఏడింటికి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ముందుగది గోడలకి కడుతున్నాం, మేకులు నువ్వు కొడుతున్నావు. తొమ్మిదింటికి మా బడి పెద్దసారుకి ఫోను చేసి ఇక రానని నేను చెబుతున్నాను. పదింటికి నేను తలుపేసుకుని నదుల పాఠం చదువుతూ ఉంటే, నువ్వు గుమ్మం బయట, చెప్పుల్లేకుండా, దగ్గకుండా, కంప్యూటరు జోలికి రాకుండా కూర్చుంటున్నావు."